రాత్రి స్టేజీ, పొద్దున్న హాజరు పట్టీ

ముందే చెప్పేస్తాను, రాత్రి ప్రోగ్రాం కష్టం కాదు. మర్నాడు మొదటి పీరియడే కష్టం. కొత్తగా టీచర్ ఉద్యోగంలో చేరి కాలేజీ రోజుల బ్యాండు వదల్లేకపోతున్న తమ్ముళ్లు ఫోన్ చేసి "టైం ఎలా సరిపెడుతున్నారు మాస్టారూ" అని అడుగుతుంటారు. టైం సరిపోతుంది. సాయంత్రం బడి వదిలాక ఎనిమిదింటికి స్టేజీ ఎక్కడానికి ఏం ఇబ్బంది? పొద్దున్నే ఎర్రటి కళ్లతో క్లాసులో అడుగు పెట్టినప్పుడు మొదలవుతుంది అసలు సంగతి. కాబట్టి ఇక్కడ రాసేదంతా ఆ పొద్దుటి పూటను కాపాడుకోవడం గురించే అనుకోండి.

నేను ఒడిశా, ఆంధ్రా సరిహద్దులో ఒడిశా వైపున్న పర్లాకిమిడిలో ఉంటాను. ఊరికి పద్నాలుగు కిలోమీటర్ల దూరంలో ఒక సర్కారీ అప్పర్ ప్రైమరీ బడిలో లెక్కలు, సైన్సు చెబుతాను, ఒడియా మీడియం. మిగతా టైంలో కీబోర్డు వాయిస్తాను, అవసరమైతే రెండో గొంతు కూడా ఇస్తాను. పాతపట్నం, టెక్కలి వైపు వెళ్తే మమ్మల్ని ఆర్కెస్ట్రా అంటారు, కాశీనగర్, మోహనా వైపు వెళ్తే ఇదే ఏడుగురినీ మెలోడీ పార్టీ అంటారు. బడిలో నేను మాస్టారిని, స్టేజీ మీద కీబోర్డు వాయించేవాణ్ని కూడా మాస్టారనే పిలుస్తారు, ఆ ఒక్క విషయంలో మాత్రం నేను కొత్తగా అలవాటు పడాల్సిన పని రాలేదు.

పాఠం చెబుతూ కచేరీలు చేయడం మన వైపు కొత్తేమీ కాదు లెండి. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల పెడితే మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసు గారు, వయొలిన్ నేర్పింది ద్వారం వెంకటస్వామి నాయుడు గారు. ఇద్దరూ కొలువు చేస్తూనే ఊళ్లేలిన వాళ్లు. అయితే వాళ్ల కొలువే సంగీతం. మనం భిన్నాలు చెప్పాలి, మధ్యాహ్న భోజనం గుడ్ల లెక్క రాయాలి, మా చుట్టుపక్కల బడులు చూసే క్లస్టర్ కోఆర్డినేటర్ (సీఆర్‌సీసీ) అడిగిన ఫారాలు నింపాలి, ఆ తర్వాతే కీబోర్డు.

రెండు క్యాలెండర్లు

సరిహద్దులో బతకడంలో ఉన్న తమాషా ఏమిటంటే మన బడి ఒక రాష్ట్రంలో, బుకింగులు రెండు రాష్ట్రాల్లో. సంక్రాంతికి ఆంధ్రా వైపు మూడు రాత్రులూ పిలుస్తారు, భోగికి ఒక ఊరు, పండక్కి ఒక ఊరు, కనుమకి ఇంకో ఊరు. మా బడికి మకర సంక్రాంతి ఒక్క రోజు దొరికితే దొరికింది, భోగీ కనుమా మామూలు పని దినాలే. జూన్ మధ్యలో ఒడియా వాళ్ల రజో పండగ వస్తే ఇటువైపు ఊయలలు, పిఠాలనే పిండివంటలు, మెలోడీలు, అటువైపు చాలా ఊళ్లలో ఆ పండగ పేరు కూడా వినుండరు. దసరాకి రెండు వైపులా సెలవులు కాబట్టి నిశ్చింత.

కొన్ని సెలవులు పేరుకే సెలవులు. వినాయక చవితినాడు ఒడిశా బడుల్లో గణేశ పూజ చేస్తారు, వసంత పంచమికి సరస్వతీ పూజ. పిల్లలు కొత్త బట్టలేసుకుని పళ్లూ పూలూ పట్టుకుని పొద్దున్నే వచ్చేస్తారు, పుస్తకాలు దేవత ముందు పెడతారు, ఆ రోజు ఏ టీచరు రాలేదో ఊరంతా గమనిస్తుంది. సరిగ్గా ఆ రాత్రే అటు పలాస వైపు ఏదో పందిట్లో మనకు ప్రోగ్రాం ఉంటుంది. అది ఫర్వాలేదు, పూజయ్యాక మధ్యాహ్నం రెండు గంటలు పడుకుని వెళ్లొచ్చు. పూజకు ముందు రాత్రి మాత్రం ఎంతిచ్చినా ఒప్పుకోకండి. అలాగే పదో తరగతి బోర్డు పరీక్షల రోజులు. మా బడిలో పదో తరగతి లేకపోయినా డ్యూటీ ఎక్కడో ఒక చోట పడుతుంది, అదే రోజుల్లో మాఘమాసం పెళ్లిళ్లు, శ్రీముఖలింగంలో శివరాత్రి జాతర, గోరుచుట్టు మీద రోకటి పోటు. నేను పరీక్షల నెలలో శనివారం రాత్రి తప్ప దేనికీ అవుననను.

నేను చేసేది చెబుతాను. సెలవుల జాబితా చేతికి రాగానే గోడ క్యాలెండర్ ఒకటి తీసుకుని, పూజలు, పరీక్షల డ్యూటీల్లాంటి అసలు తప్పించుకోలేని బడి పొద్దులన్నీ ఎర్ర స్కెచ్ పెన్నుతో చుట్టేస్తాను. ప్రోగ్రాం తేదీలు కాదు, పొద్దులు, అది గుర్తుంచుకోండి. తర్వాత పంచాంగం తీసి ముహూర్తాలు, మూఢాలు, ఊళ్ల సంబరాలు నల్ల పెన్నుతో రాస్తాను. నల్లగీత పక్క రోజు ఎర్ర చుట్టు ఉంటే ఆ తేదీ నాది కాదు. దాని ఫోటో తీసి బ్యాండు గ్రూపులో పెట్టేస్తాను. అప్పుడు మా ఎలక్ట్రానిక్ డ్రమ్ ప్యాడ్ వాయించే తమ్ముడు, అతనే బుకింగులు చూస్తాడు, నన్ను అడక్కుండానే ప్రోగ్రాం పెట్టించే పార్టీకి చెప్పేస్తాడు, ఆ రోజు ఇంకో కీబోర్డు వస్తాడండీ అని. ముఖమాటంతో నేను నసగాల్సిన పని లేదు.

అనుమతి సంగతి

ఈ భాగం బోరు కొట్టినా చదవండి. సర్కారీ ఉద్యోగమైతే 1959 నాటి ఒడిశా ప్రభుత్వ ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు మనకు వర్తిస్తాయి. అనుమతి లేకుండా వ్యాపారం గానీ ఇంకో ఉద్యోగం గానీ చేయకూడదు. ఎప్పుడో ఒకసారి కళా కార్యక్రమంలో వాయించడం వేరు, అడ్వాన్సులు తీసుకుంటూ నెలకు పది బుకింగులతో ట్రూపు నడపడం వేరు, ఆ రెండింటినీ ఆఫీసు ఒకే కళ్లతో చూడదు. అందుకని ట్రూపు మీ పేరు మీద పెట్టుకోకండి, విజిటింగ్ కార్డు మీద మీ నంబరు వేయించకండి. హెడ్మాస్టర్ గారి ద్వారా బ్లాక్ విద్యాధికారి (బీఈఓ) ఆఫీసుకు ఒక దరఖాస్తు పెట్టండి. ఏం వాయిస్తారు, ఎప్పుడు వాయిస్తారు, బడి వేళలకు అడ్డం రాదని, డబ్బు ముడితే ముడుతుందని, ఉన్నదున్నట్టు రాయండి. ఒక కాపీ మీద అందినట్టు ముద్ర వేయించుకుని ఇంట్లో దాచండి. జవాబు రావడానికి నెలలు పట్టొచ్చు, అయినా ముద్ర ఉన్న కాగితం ఒక ధైర్యం. ప్రైవేటు స్కూలైతే అపాయింట్‌మెంట్ లెటర్ మళ్లీ ఒకసారి తీసి చదవండి, బయట పని గురించి ఒక వాక్యం ఎక్కడో ఉంటుంది, చేరేటప్పుడు ఎవరూ చదవరు.

కీబోర్డు క్లాసులు పెట్టమని ఊళ్లో అడుగుతారు. విద్యాహక్కు చట్టం 28వ సెక్షన్ ప్రకారం టీచర్లు ప్రైవేటు ట్యూషన్లు చెప్పకూడదు. సరిగమలు ట్యూషన్ కిందికి వస్తాయా రావా అని వాదన పెట్టుకోవడం కంటే ఫీజు తీసుకోకపోవడం తేలిక. మా వీధి పిల్లలు ఇద్దరు వస్తారు, ఊరికే చెబుతాను.

ఇక రాజకీయ పార్టీల సభలు. ఎన్నికల ముందు ప్రతి పార్టీకీ స్టేజీ కావాలి, పాటలు కావాలి, డబ్బు మామూలు కంటే ఎక్కువే ఇస్తారు. ప్రభుత్వ టీచరు ఆ స్టేజీ మీద కనపడకూడదు. వెనక పక్కన కూర్చుని వాయిస్తే ఎవరికి తెలుస్తుందిలే అనుకుంటాం, తర్వాత మనకే పోలింగ్ డ్యూటీ పడుతుంది. అడుసు తొక్కనేల కాలు కడగనేల.

వచ్చిన డబ్బు బ్యాంకు ఖాతాలో పడితే ఆదాయపు పన్ను రిటర్నులో చూపించేయండి. అంతే, దీని గురించి ఇంకేం లేదు.

హెడ్మాస్టర్‌కి ఎవరు చెప్పాలి

మీరే చెప్పాలి, అదీ మొదటి నెలలోనే. నేను చెప్పలేదు. కాశీనగర్ దగ్గర ఒక ఊరి సంబరంలో రాత్రి పన్నెండున్నరకి నేను తల ఊపుతూ వాయిస్తున్న వీడియో ఎవరో స్టేటస్‌లో పెట్టారు, మర్నాడు నేను ఆఫీసు గదిలోకి వెళ్లి సంతకం పెట్టేలోపే పెద్దాయన ఫోను నా వైపు తిప్పి చూపించారు. తిట్టలేదు. "బాగా వాయిస్తున్నారు. ఇది నాకు మా బావమరిది పంపాలా?" అన్నారు. ఆ మాటకి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలీలేదు. ఆ రోజు నుంచి ప్రతి నెలా మొదట్లో ఆయనకు తేదీలు చెప్పేస్తాను. "సార్, ఈ నెల మూడు ఉన్నాయి, మూడూ శనివారాలే, ఒక్క క్యాజువల్ లీవు (సీఎల్) కూడా అడగను" అంటాను. సీఎల్‌లు ప్రోగ్రాంల కోసం వాడకపోవడం ఇందులో అసలు కిటుకు. వాటిని జ్వరానికీ, ఇంట్లో పెళ్లికీ, పిల్లల టీకాకీ దాచుకుంటే, నిజంగా ఒళ్లు బాగోలేని రోజు "రాత్రి స్టేజీ మీద ఉన్నాడట, అందుకే జ్వరం" అని స్టాఫ్ రూంలో ఎవరూ నవ్వరు. కొంచెం నవ్వుతారు, అయినా తక్కువ.

ఏప్రిల్, అసలు పరీక్ష

ఏప్రిల్ వస్తే ఒడిశాలో బడి పొద్దుటి పూటకు మారిపోతుంది. ఆరున్నరకల్లా ప్రార్థన. అంటే నేను అయిదున్నరకి బండి తీయాలి, అంటే అయిదింటికల్లా లేవాలి. సరిగ్గా అదే కాలంలో చైత్రం సంబరాలు, గంజాం వైపు దండ నాట అనే జానపద ప్రదర్శనల రాత్రులు, ఆ వెనకే వైశాఖం పెళ్లిళ్లు, మామూలు నెలల్లో మూడు బుకింగులుంటే అప్పుడు పది వస్తాయి. ఎండలు ముదిరి వేసవి సెలవులు ముందుకు జరిగే దాకా ఆ మూడు నాలుగు వారాలు ఎలా నడుపుతారో దాన్ని బట్టే మీ రెండు పనులూ నిలబడతాయి.

ఒక ఏప్రిల్ సంగతి చెబుతాను. టెక్కలి దగ్గర పెళ్లి రిసెప్షన్, పన్నెండు దాటాక దిగాం, ఇంటికి చేరేసరికి రెండున్నర. రెండు గంటలు పడుకుని, ముఖం కడుక్కుని, బడికి పోయి ఆరో తరగతి హాజరు తీస్తున్నాను. పదిహేడో నంబరు దగ్గర తల వంచాను, నా చెవి వెనక నుంచి వెండి రంగు కాగితం ముక్క ఒకటి జారి సరిగ్గా రిజిస్టరు మీద పడింది. పెళ్లికొడుకు, పెళ్లికూతురు స్టేజీ ఎక్కినప్పుడు పేల్చే పేపర్ బ్లాస్టు తాలూకు ముక్క అది. క్లాసంతా ఒక్కసారి చూసింది. ముందు బెంచీలో ఉన్న అమ్మాయి లేచొచ్చి, దాన్ని వేలితో అద్ది తీసి, తన జామెట్రీ బాక్సులో పెట్టుకుని, ఏం జరగనట్టు వెళ్లి కూర్చుంది. నవ్వుకున్నాం. అక్కడితో అయితే బాగుండేది, కానీ తర్వాత బోర్డు మీద 3/4 + 1/2 వేసి, జవాబు 4/6 అని రాశాను. లవాలు లవాలతో, హారాలు హారాలతో కూడేశాను, ఏ తప్పు చేస్తే పిల్లల్ని అరగంట నిలబెట్టి చెబుతానో సరిగ్గా అదే తప్పు. రెండో బెంచీ పిల్లాడు చిన్నగా "సార్, హర..." అన్నాడు. ఒడియాలో హారాన్ని హర అంటారు. తుడిచేసి 5/4 రాసి, "రాత్రి నిద్ర లేదురా, తప్పు నాదే" అని చెప్పాను. వాళ్లు మర్చిపోయారు. నేను మర్చిపోలేదు.

అప్పట్నుంచి ఏప్రిల్లో నాకు కొన్ని పట్టుదలలున్నాయి. శనివారం రాత్రి ఎంతసేపైనా సరే. మిగతా రోజుల్లో పది గంటలకు స్టేజీ దిగిపోతాను. ఇందులో మనకు చట్టం కూడా తోడుంది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి పది నుంచి పొద్దున్న ఆరు దాకా బయట లౌడ్‌స్పీకర్లు వాడకూడదు, పండగలూ సాంస్కృతిక కార్యక్రమాలూ అయితే రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి పదిహేను రోజులకు మించకుండా అర్ధరాత్రి దాకా వెసులుబాటు ఇవ్వొచ్చు. ఊళ్లో ఎవడు పాటిస్తాడు మాస్టారూ అంటారు. పాటించకపోతే పోనీ, పార్టీతో మాట్లాడేటప్పుడు ఆ మాట వాడుకోండి, "ఏడింటికి మొదలుపెడదామండీ, పదికి పోలీసులతో గొడవెందుకు" అంటే చాలామంది ఒప్పుకుంటారు. ముసలివాళ్లూ పిల్లలూ కూడా అప్పుడే ఉంటారు కదా.

పదికి దిగిపోతే బ్యాండు వాళ్లకు ఇబ్బంది కాదా? అందుకే పాటల వరస మార్చాం. కీబోర్డు పని ఎక్కువున్నవి, పాత మెలోడీలు, భక్తి పాట, ఒడియా డ్యూయెట్లు, అన్నీ మొదటి సగంలో పెట్టేస్తాం. పది తర్వాత జనానికి కావలసింది దరువు. పశ్చిమ ఒడిశా సంబల్‌పురీ పాటలు, ఉత్తరాంధ్ర జానపదం, తీన్‌మార్, వాటికి ప్యాడూ, లైవ్ డప్పూ, ట్రాకూ ఉంటే చాలు, నేను లేని సంగతి ఎవరూ గమనించరు. మొదట్లో అది తెలిసి కొంచెం బాధేసింది కూడా.

ఇంటికి రాగానే నిద్ర పట్టదు, తలలో బేస్ మోగుతూనే ఉంటుంది. ఎనిమిది తర్వాత టీ మానేయండి, స్టేజీ వెనక ఎవరో ఒకరు గ్లాసు చేతిలో పెడుతూనే ఉంటారు, దాని ప్రభావం అయిదారు గంటలు ఉంటుంది. వీడియోలు చూసుకోవడం మర్నాటికి వదిలేయండి. పొద్దుటి బడి పదిన్నర, పదకొండుకి అయిపోతుంది కాబట్టి మధ్యాహ్నం అన్నం తిని పడుకోవచ్చు, అది ఏప్రిల్ ఇచ్చే ఒకే ఒక్క సుఖం. మామూలు నెలల్లో అయితే సాయంత్రం ఇరవై నిమిషాల కునుకు మంచిది, రెండు గంటలు పడుకుంటే లేచాక స్టేజీ మీద కూడా మత్తుగానే ఉంటుంది.

రాత్రి ప్రయాణం గురించి ఒక్క మాట. బైకు మీద ఒంటరిగా తిరిగి రావద్దు. నిద్రమత్తు ఒకటి, ఏనుగులు ఇంకొకటి. లఖారీ లోయ వైపు నుంచి దిగిన గుంపులు పాతపట్నం, హిరమండలం, సీతంపేట చుట్టుపక్కల తిరుగుతుంటాయని మీకు తెలుసు. మోహనా ఘాట్లో చలికాలం పొగమంచు. సామాన్ల వ్యాన్‌లోనే రండి, లేదా అక్కడే ఎవరింట్లోనైనా పడుకుని తెల్లవారాక బయల్దేరండి. స్కూలు బట్టలు, టిఫిన్ డబ్బా, రిజిస్టరు సంచిలో పెట్టుకుని వెళ్లి, ప్రోగ్రాం ఊరి నుంచే నేరుగా బడికి పోయిన రోజులున్నాయి నాకు. అదేం తప్పు కాదు, కాకపోతే జుట్టు దులుపుకోండి.

మర్నాటి పాఠం

ప్రోగ్రాం ఉన్న వారంలో ఆదివారమే కూర్చుని ఆ మర్నాటి పాఠం విడిగా రాసుకుంటాను. కొత్త పాఠం ఆ రోజు మొదలుపెట్టను. మనం తక్కువ మాట్లాడి పిల్లలు ఎక్కువ పని చేసేది ఏదైనా పెట్టుకోవాలి, అంటే వదిలేసి కుర్చీలో కూర్చోవడమని కాదు. బడి వరండా కొలవడం, ఆకులు తెచ్చి వాటి మీది ఈనెలు చూసి రకాలు వేరు చేయడం, జట్లుగా పాత లెక్కల పోటీ, ఇలాంటివి. నాకు ఇష్టమైనది కసాగు (కనిష్ఠ సామాన్య గుణిజం) పాఠం. క్లాసుని రెండు సగాలు చేస్తాను. ఒక సగం మూడు దెబ్బల్లో మొదటి దెబ్బకి చప్పట్లు కొట్టాలి, రెండో సగం నాలుగు దెబ్బల్లో మొదటి దెబ్బకి బల్ల మీద కొట్టాలి. నేను డస్టర్‌తో లయ వేస్తాను. మొదటి దెబ్బకి ఇద్దరూ కలుస్తారు, తర్వాత విడిపోతారు, గందరగోళంగా ఉంటుంది, పన్నెండు దెబ్బలు అయిపోయి పదమూడోది పడేటప్పుడు చప్పట్లూ బల్లా ఒక్కసారిగా ఢామ్మని కలుస్తాయి, పిల్లలు అరుస్తారు. "ఎన్ని దెబ్బలకోసారి కలుస్తున్నారు?" అంటే లెక్కపెట్టి పన్నెండు అంటారు. 3, 4ల కసాగు అదే. మూడు, నాలుగు దెబ్బల లయలకు సంగీతంలో ఉన్న త్రిశ్రం, చతురశ్రం అనే పేర్లు ఎత్తకపోయినా ఫర్వాలేదు. పక్క క్లాసు టీచరమ్మకు ముందు చెప్పండి, లేదంటే గోల ఏమిటని వస్తారు.

కాపీలు, అంటే పిల్లల నోటు పుస్తకాలు, దిద్దడం మాత్రం ప్రోగ్రాం రోజుల్లో పెట్టుకోవద్దు, వ్యాన్‌లో దిద్దుదామని పట్టుకెళ్లి ఒకసారి పదకొండు కాపీల మీద సాంబారు పోయించుకున్నాను.

ప్రాక్టీసు ఎప్పుడు

వారానికి ఒక్కసారి, ఆదివారం సాయంత్రం, రెండు గంటలు. అంతకంటే ఎక్కువ పెట్టుకున్న బ్యాండ్లు ఆరు నెలలు కూడా నడవలేదు, మా దాంట్లో టైలరున్నాడు, ఎలక్ట్రికల్ షాపు అతనున్నాడు, కాలేజీ పిల్లలున్నారు, అందరికీ సంసారాలో పరీక్షలో ఉన్నాయి. ఆ రెండు గంటల్లో పాత పాటలు ముట్టుకోం. కొత్తవి మూడు. గురువారం కల్లా పాట, శృతి, కార్డ్స్ (కలిపి నొక్కే స్వరాలు) గ్రూపులో పడాలి, ఎవరి ముక్క వాళ్లు ఇంట్లో తయారై రావాలి. ఇంట్లో నాకు దొరికేది రాత్రి తొమ్మిదిన్నర తర్వాత పాతిక నిమిషాలు, పిల్లలు పడుకున్నాక, హెడ్‌ఫోన్లు పెట్టుకుని. మా ఆవిడకి వినపడేది కీల టకటక మాత్రమే, ఎలుకలు తిరుగుతున్నట్టుంది అంటుంది. పాతిక నిమిషాల్లో పాట మొత్తం వాయించాలని చూడకండి, ఇంట్రో బిట్టు, చరణం ముందు వచ్చే బీజీఎం, ఈ రెండే. వెనక కార్డ్స్ స్టేజీ మీద చెయ్యి దానంతటదే పట్టుకుంటుంది.

కీబోర్డులో టోన్లు, స్ప్లిట్లు (ఒక్కో చేతి వైపు ఒక్కో టోను) ముందే సెట్ చేసి పాటల వరసలో సేవ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ పెట్టుకోండి. ఇది మన సౌకర్యానికే కాదు, మన బదులు వచ్చేవాడి కోసం కూడా. బదులు మనిషిని తయారు చేసుకోకుండా టీచరు బ్యాండులో నిలవలేడు. ఎన్నికల డ్యూటీ వస్తుంది, జనగణన వస్తుంది, ట్రైనింగ్ అని రేపటికి రేపే ఉత్తర్వు వస్తుంది, వాటికి విద్యాహక్కు చట్టం కూడా అడ్డు చెప్పదు. నేను ఒక డిగ్రీ కుర్రాణ్ని పట్టుకుని ఏడాది పాటు పక్కన నిలబెట్టుకున్నాను, ఇప్పుడు నేను రాని రాత్రుల డబ్బు మొత్తం అతనిదే, అందులో వాటా అడగకండి. అడిగితే అతను ఇంకో బ్యాండుకి పోతాడు, మీరు ఇన్విజిలేషన్ గదిలో కూర్చుని ఫోన్లెత్తలేక చస్తారు.

అడ్వాన్సు తీసుకున్నాక రాలేనని చెప్పడం మాత్రం పదిహేను రోజుల ముందు జరిగిపోవాలి. కరెంటు నమ్మకం లేని ఊళ్లకి వెళ్లేటప్పుడు అడాప్టరు రెండోది, చిన్న యూపీఎస్ సంచిలో ఉండాలి. జనరేటరు మారేటప్పుడు కీబోర్డు ఆగి మళ్లీ లేచేసరికి సగం పాట అయిపోతుంది, పాడేవాళ్లు మన వైపు చూసే చూపు వర్ణించలేను.

గొంతూ చెవులూ

బడిలో గొంతే, స్టేజీ మీద గొంతే. అయిదు పీరియడ్లు అరిచి వచ్చి రాత్రి హై పిచ్‌లో పాడితే నెల తిరక్కుండా గొంతు బొంగురు పోతుంది. నాది రెండో గొంతే అయినా తెలిసొచ్చింది. క్లాసులో అరవడం మానేసి చప్పట్లతో నిశ్శబ్దం తెప్పించడం నేర్చుకున్నాను, నలభై దాటిన క్లాసుకి మెడలో తగిలించుకునే చిన్న మైకు కొన్నాను. నీళ్ల సీసా టేబుల్ మీద ఉండాలి. బొంగురు పోయిన రోజు గుసగుసగా మాట్లాడితే విశ్రాంతి దొరుకుతుందనుకుంటాం, గుసగుస కూడా గొంతుకి శ్రమే, అసలు మాట్లాడకపోవడమే మందు. అర్ధరాత్రి పెళ్లి బిర్యానీ తినేసి వెంటనే పడుకుంటే పులితేనుపులతో పొద్దున్నకి గొంతు మండుతుంది, తినేది స్టేజీ ఎక్కే ముందే తినండి. మూడు వారాలు దాటినా బొంగురు తగ్గకపోతే మిరియాల కషాయం కట్టిపెట్టి ఈఎన్‌టీ డాక్టరుకి చూపించండి.

చెవుల సంగతి ఎవరూ పట్టించుకోరు. 85 డెసిబెల్స్ చప్పుడుని రోజుకి ఎనిమిది గంటలు భరించొచ్చని లెక్క, ప్రతి 3 డెసిబెల్స్‌కీ ఆ టైం సగం అవుతుంది. 100కి వచ్చేసరికి పావుగంట. పెళ్లి బాక్సుల పక్కన నిలబడి మూడు గంటలు వాయిస్తే ఏమవుతుందో మీరే లెక్క కట్టుకోండి. మర్నాడు చెవిలో గుయ్ మంటుంటే వెనక బెంచీ పిల్లాడు ఏమడిగాడో వినపడదు, మళ్లీ అడగమంటే వాడు భయపడి ఊరుకుంటాడు. ఫోమ్ ఇయర్ ప్లగ్గులు టిఫిన్ ఖర్చు కూడా ఉండవు. మొదటి రెండు ప్రోగ్రాంలు అంతా దుప్పటి కప్పుకుని విన్నట్టు ఉంటుంది, తర్వాత అలవాటవుతుంది. మన వాయింపు మనకు వినపడే మానిటర్ బాక్సు దగ్గరగా పెట్టించుకుని వాల్యూం తగ్గించమనండి, సౌండు అతను వినడు, అయినా అడగండి.

బడి వాళ్లు అడిగితే

సంగీతం వచ్చని తెలిసిన క్షణం నుంచి ఉత్కళ దివస్ (ఒడిశా అవతరణ దినం), ఆగస్టు 15, గురు దివస్ (టీచర్స్ డే), వార్షికోత్సవం, అన్నీ మీ నెత్తిన పడతాయి. కాదనకండి, మనం శనివారాలు తీసుకుంటున్నాం కదా, ఇది చెల్లు. కానీ ఏడాదికి రెండు పాటలు నేర్పుతాను అని ముందే చెప్పేయండి, డాన్సులు వేరే వాళ్లు చూసుకోవాలి. శృతి విషయంలో ఒక జాగ్రత్త, స్టేజీ మీద మగ గొంతు కోసం పెట్టిన ట్రాన్స్‌పోజ్ (శృతి మార్పు) అలాగే ఉంచేసి పిల్లల చేత పాడిస్తే వాళ్లు కింది స్వరాలు అందక గొణుగుతారు, పై శృతికి మార్చి చూడండి, గొంతులు విచ్చుకుంటాయి. కీబోర్డు మీదే పట్టుకెళ్లాలి, ఆంప్లిఫయరు బడిదే వాడండి. కార్యక్రమం అవగానే జాకు వైర్లు మీ చేత్తో మీరే చుట్టుకుని సంచిలో వేసుకోండి. అటెండరు మంచి మనసుతో తీసి బీరువాలో పెట్టి తాళం వేస్తే శనివారం రాత్రి మెలియాపుట్టి స్టేజీ మీద వైరు లేక తెల్లముఖం వేయాల్సింది మీరే.